నీటిని నిలిపే మెత్తదనం

నీటి అడుగున పనిచేసే కెమెరా అనగానే పాఠకుల మనసులో మెదిలేవి సముద్రం, పగడపు దిబ్బలు, వీపున గాలి సిలిండరు కట్టుకుని ఈదే గజ ఈతగాళ్లు. సముద్రానికి ఎంతో దూరంగా, సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, రాతి పీఠభూమి మీద ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి మెట్ట ప్రాంతాల్లో కూడా అటువంటి కెమెరాకు పని ఉంది. అక్కడ అది దిగేది టమోటా, వేరుశనగ, మల్బరీ చేలలో తవ్విన బోరుబావుల్లోకి. బోరులో సులువుగా జారేటంత సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, దాని కొనకు మందపాటి అద్దం, అద్దం చుట్టూ చిన్న ఎల్‌ఈడీ దీపాలు, వెనుక నుంచి పైకి సాగే కేబులు, ఆ కేబులును చుట్టుకున్న చక్రం, గట్టు మీద ఒక చిన్న తెర: బోరు కెమెరా స్వరూపం స్థూలంగా ఇదే. గొట్టానికీ అద్దానికీ నడుమ, గొట్టానికీ మూతకూ నడుమ, కేబులు లోపలికి దూరేచోట, నీరు చొరకుండా అడ్డుకునేవి కొన్ని రబ్బరు వలయాలు. వాటిని కనిపెట్టి చూసుకోవడం, కాలం తీరగానే మార్చడం చూడటానికి చిన్న పని. ఆ చిన్న పనిలో మెట్ట సీమ నీటి బతుకంతటికీ వర్తించే ఒక నియమం దాగి ఉందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మూడు ప్రాంతాల కింద పరచుకుని ఉన్నది అతి ప్రాచీనమైన గ్రానైటు, నైసు శిల. ఇసుకరాయిలాగా తనలో నీటిని పీల్చుకుని దాచుకునే గుణం ఈ శిలకు లేదు. పైన కొంత లోతు వరకు ఎండకూ వానకూ చివికిన పొర ఉంటుంది. దాని కింద గట్టి బండ మొదలవుతుంది. ఆ బండలో అక్కడక్కడ ఉన్న పగుళ్లలోనే నీరు నిలుస్తుంది, కదులుతుంది. బాహుదా, కౌండిన్య, పాలారు వానలు కురిసిన నాళ్లలోనే పారే ఏర్లు కాబట్టి, పూర్వం ఈ సీమ వ్యవసాయం చెరువుల మీద, దిగుడు బావుల మీద నడిచింది. భూగర్భ జలమట్టం పడిపోయిన కొద్దీ ఆ బావులు ఎండిపోయి, వాటి స్థానాన్ని బోర్లు ఆక్రమించాయి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గులు, అంటే గాలి ఒత్తిడితో సుత్తిని ఆడించి రాతిని తొలిచే యంత్రాలను మోసుకొచ్చే లారీలు, ఇక్కడ ఆరున్నర అంగుళాల వ్యాసంతో వెయ్యి అడుగులూ, కొన్నిచోట్ల అంతకు మించీ తొలుస్తాయి. పై మెత్తని పొర కూలకుండా దిగేసే గొట్టాన్ని కేసింగు అంటారు. దాని కింద బోరు గోడ అంటే తొలిచిన రాయే.

అంత లోతున ఏమి జరుగుతోందో పైనున్నవారికి కనిపించదు. తవ్వే రోజున రాతిపొడి రంగు మారడాన్ని బట్టి, పైకి చిమ్మే నీటిని బట్టి, పగులు తగిలినప్పుడు సుత్తి శబ్దంలో వచ్చే తేడాను బట్టి లోతులను గుర్తు పెట్టుకోవడమే రైతు దగ్గరున్న సమాచారం. కొన్నేళ్లకు నీరు తగ్గినప్పుడు, పగులు ఎండిందా, రాతిపొడితో పూడిందా, కేసింగు అతుకు విడిపోయి మట్టి కూలిందా, తెగిపడిన మోటారు అడ్డంగా ఇరుక్కుందా అనే ప్రశ్నలకు ఊహ తప్ప ఆధారం ఉండదు. బోరు కెమెరా ఆ ఊహ స్థానంలో చూపును తెస్తుంది. ఎన్ని అడుగుల దగ్గర గోడ తడిగా ఉంది, ఎక్కడ పగులులోంచి నీరు జారుతోంది, ఎక్కడ సున్నపు పొర కట్టింది అన్నది తెర మీద లోతు అంకెతో సహా కనిపిస్తుంది. ఆ చూపును బట్టి రైతు కంప్రెసరు గాలితో బోరును కడిగించే ఫ్లషింగుకు పూనుకుంటాడు, లేదా మోటారును ఇంకొంత కిందికి దించుతాడు, లేదా ఆ బోరు మీద ఆశ వదులుకుని మరొకటి తవ్వించడానికి అప్పు చేస్తాడు. అద్దం వెనుక ఒక్క చుక్క నీరు చేరి చిత్రం మసకబారితే, ఆ మసకలో తీసుకున్న నిర్ణయం భారాన్ని ఒక కుటుంబం ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది. అందుకే రబ్బరు వలయం ఇక్కడ యంత్ర భాగంగా మాత్రమే మిగలక, రైతు నిర్ణయానికి ఆనుడుగా కూడా నిలుస్తుంది.

నీటి ఒత్తిడి లెక్క సులువైనదే. తల మీద ఉన్న ప్రతి 10 మీటర్ల నీటికీ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము బరువు చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది: లెక్కకు వచ్చేది బోరు లోతు కాదు, కెమెరా మీద నిలిచి ఉన్న నీటి ఎత్తు. వెయ్యి అడుగుల బోరులో నీరు 700 అడుగుల దగ్గర నిలిచి ఉంటే, అడుగుకు చేరిన కెమెరా మీద ఉండేది 300 అడుగుల నీరు, అంటే సుమారు 91 మీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 9 కిలోగ్రాములు. 5 సెంటీమీటర్ల వ్యాసం గల అద్దం మీద అది మొత్తం 175 కిలోగ్రాములకు పైబడిన బరువు. మంచి వానలు కురిసి అదే బోరు అంచుదాకా నిండితే, అదే అద్దం మీద దాదాపు 600 కిలోగ్రాములు మోపినట్లవుతుంది. వినోదం కోసం సముద్రంలో మునిగేవారికి సాధారణంగా విధించే హద్దు 40 మీటర్లు. కాబట్టి కరవు సీమలో ఒక సామాన్యమైన బోరు, సముద్రపు ఈతగాడి కెమెరా ఎన్నడూ చూడని ఒత్తిడిని చూపగలదు. పైగా కరవు నాటికంటే వానలు బాగా పడిన ఏటనే ఆ పరీక్ష కఠినమవుతుంది.

ఇంతటి ఒత్తిడిని ఆపే వలయం పని చేసే తీరు మొదట వింతగా తోస్తుంది. అడ్డంగా కోస్తే గుండ్రంగా కనిపించే ఈ వలయాన్ని మెకానిక్కులు ఓ-రింగు అంటారు. లోహంలో దానికోసం ఒక గాడి చెక్కి ఉంటుంది; గాడి లోతు వలయం మందం కంటే కొంచెం తక్కువ. 3 మిల్లీమీటర్ల మందం గల వలయం 2.4 మిల్లీమీటర్ల లోతున్న గాడిలో కూర్చుని, పైన మూత బిగిసినప్పుడు, ఐదో వంతు నొక్కుకుపోతుంది. తన రూపానికి తిరిగి రావాలని రబ్బరు పడే ఆరాటమే రెండు లోహాల మధ్య సందును మూస్తుంది. గాడి వెడల్పు మాత్రం వలయానికి కొంత చోటు విడిచి ఉంటుంది. నీటి ఒత్తిడి ఒక పక్కనుంచి నెట్టినప్పుడు వలయం గాడిలో అవతలి గోడకు జరిగి, సందు ఉన్న మూలలో మరింత గట్టిగా ఒత్తుకుంటుంది. ఆ విధంగా, లోపలికి రావాలని చూసే నీరే తన దారిని తానే మూసుకుంటుంది. కాబట్టి చక్కగా కూర్చున్న వలయానికి లోతు కంటే మొదటి కొద్ది అడుగులే కీలకం; నీటి నెట్టుడు ఇంకా బలపడని ఆ తరుణంలో రబ్బరు తనకున్న సాగుడు బలంతోనే పని నెరవేర్చాలి. ముసలిదైన వలయం ముందుగా ఓడిపోయేది ఆ దశలోనే.

కఠినమైనది నీటిని ఆపుతుందనీ, మెత్తనిది దారి ఇస్తుందనీ లోకం అనుకుంటుంది. కానీ ఎంత నునుపుగా చెక్కినా రెండు లోహపు తలాల నడుమ నీటికి సరిపడే సందు మిగులుతుంది. ఆ తలాల మిట్టపల్లాలకు తగ్గట్టు ఒదిగిపోగల మెత్తని వస్తువు మధ్యలో ఉన్నప్పుడే అతుకు పూర్తవుతుంది. ఈ సత్యం రాయలసీమకు కొత్తది కాదు. ఎద్దులు వాలు మీద దిగుతూ బావిలోంచి నీరు లాగిన కపిల కాలంలో, నీటిని పట్టి ఉంచింది తోలు. తొండంలా సాగి కాలువలోకి నీటిని వదిలే ఆ తోలు సంచి తడికీ ఎండకూ చివికిపోయేది కాబట్టి, దానిని కుట్టి, నూనె పట్టించి, కొత్తది వేసే చర్మకారుడి పనితనం లేకుండా ఏ తోటా పండలేదు. తరువాత ఊరూరా వచ్చిన చేతిపంపులో, ప్రజలు బోరింగు అని పిలుచుకున్న దానిలో, గొట్టం లోపల నీటిని పైకి తోసిన గిన్నె ఆకారపు వాషరు కూడా మొదట తోలుదే. 1970వ దశకంలో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపును 1980వ దశకంలో కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించినప్పుడు, తోలు కంటే నైట్రైల్ రబ్బరు వాషరు ఎక్కువ కాలం మన్నుతుందని తేలింది. తోలు స్థానంలోకి రబ్బరు వచ్చింది. బోరింగు ఆడించీ ఆడించీ నీరు రాకపోతే వాషరు పోయిందని చదువురాని పిల్లలు సైతం చెప్పగలిగిన ఊళ్లివి. కపిల తోలు, బోరింగు వాషరు, కెమెరా వలయం ఒకే వంశంలోని మూడు తరాలు. ఈ పీఠభూమి మీద బతుకు ఎల్లప్పుడూ తక్కువ ఆయువు గల ఏదో ఒక మెత్తని వస్తువు మీద ఆధారపడే సాగింది.

నీటి అడుగు ఛాయాగ్రహణ చరిత్ర కూడా ఇదే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఫ్రాన్సు దేశపు జీవశాస్త్రవేత్త లూయీ బూతాఁ 1893లో మధ్యధరా సముద్ర తీరంలోని బాన్యూల్స్ వద్ద నీటి అడుగున ఛాయాచిత్రాలు తీసినప్పుడు, కెమెరాను మోసే పెట్టెను ఇంజినీరైన ఆయన సోదరుడు ఓగూస్త్ రూపొందించాడు. ఆ పెట్టెకు గాలి నింపిన రబ్బరు తిత్తి ఒకటి జోడించి, లోతుకు పోయిన కొద్దీ నీరు తిత్తిని నొక్కి లోపలికి గాలిని పంపేటట్లు చేసి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేయాలన్నది వారి ఆలోచన. గాడిలో కూర్చున్న గుండ్రని రబ్బరు వలయాన్ని, డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో పేటెంటు కోసం సమర్పించగా 1939లో హక్కు లభించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల హైడ్రాలిక్ యంత్రాల ద్వారా అది లోకమంతా పాకింది. జాక్ ఈవ్ కూస్తో బృందం కోసం జాఁ ద వూటర్స్ రూపొందించిన కాలిప్సో కెమెరాను 1963లో నికాన్ సంస్థ నికోనోస్ పేరుతో తయారు చేయడం మొదలుపెట్టిన తరువాత, వలయాలను తుడిచి, చూసి, పలుచగా గ్రీజు రాసి తిరిగి కూర్చోబెట్టడం ప్రతి ఈతగాడి నిత్యకృత్యమైంది. బోరు కెమెరా పట్టుకున్న మెట్ట సీమ మెకానిక్కు పని అదే, అయితే అతని శత్రువులు వేరు.

సముద్రంలో ఉప్పు, ఇసుక వలయాన్ని బాధిస్తాయి. ఇక్కడ రాతిపొడి, సున్నం, ఎండ ఆ పని చేస్తాయి. బోరు అడుగున పేరుకున్న గ్రానైటు పొడి పిండిలా మెత్తనిదైనా గాజులా పదునైనది. మూత అంచున చేరిన ఆ పొడి వలయం మీద పడితే, రెండు మూడు సార్లు తెరచి మూసేసరికి రబ్బరు మీద సన్నని గీతలు ఏర్పడతాయి. నీటికి ఒక గీత చాలు. గ్రానైటు ప్రాంతపు కఠిన జలం ఆరినచోట తెల్లని సున్నపు పొర మిగులుతుంది. అది గాడి అడుగున గరుకుగా అట్టకట్టి వలయాన్ని సమంగా కూర్చోనివ్వదు. వేసవిలో జీపు వెనుక ఇనుప పెట్టెలో పడి ఉన్న కెమెరాలో, వేడికి రబ్బరు తొందరగా గట్టిపడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, విద్యుత్ మోటార్ల బ్రష్షుల దగ్గర మెరుపుల వల్ల పుట్టే ఓజోన్ వాయువు, సాగదీసి ఉంచిన నైట్రైల్ రబ్బరును పగులగొడతాయి. అందువల్ల వైండింగు దుకాణంలో గోడ మేకుకు వేలాడదీసిన విడి వలయాలు, వాడకముందే తమ ఆయువులో కొంత పోగొట్టుకుంటాయి; చీకటిలో, మూసిన సంచిలో, ఏ లాగుడూ లేకుండా పడుకోబెట్టినవి మన్నుతాయి.

అన్ని రబ్బర్లూ ఒకటి కావు. నైట్రైల్ రబ్బరు నూనెలను తట్టుకుంటుంది, ధర తక్కువ, దొరకడం సులువు, ఎండకు మాత్రం ఓర్వదు. సిలికోన్ రబ్బరు ఎండకూ చలికీ చెక్కుచెదరదు, మెత్తగా ఒదుగుతుంది, కానీ తేలికగా చిరుగుతుంది. పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది, సిలికోన్ గ్రీజు రాసినా ఉబ్బవచ్చు. ఈపీడీఎం రబ్బరుకు నీరూ ఎండా హాని చేయవు, ఖనిజ నూనె మాత్రం దానిని పాడు చేస్తుంది. విటాన్ పేరుతో అమ్మే ఫ్లోరో రబ్బరు వేడినీ రసాయనాలనూ తట్టుకుంటుంది, చలిలో బిగుసుకుపోతుంది, ధర ఎక్కువ. ఈ తేడాలు తెలియకపోవడం వల్లే అనేక కెమెరాలు పాడవుతాయి. మోటార్ల పనిలో చేయి తిరిగిన మెకానిక్కు, అలవాటు కొద్దీ ఈపీడీఎం వలయాన్ని పెట్రోలుతో కడిగి, బేరింగులకు వాడే గ్రీజు రాసి, పని చక్కగా చేశాననే అనుకుంటాడు. ఆనాటికి వలయం నల్లగా నిగనిగలాడుతుంది. కొన్ని వారాలకు ఉబ్బి గాడిలో పట్టక, మూత బిగించినప్పుడు నలిగి తెగుతుంది. ఏ వలయం ఏ రబ్బరుతో చేసినదో, దానికి ఏ గ్రీజు సరిపడుతుందో తయారీదారు చెప్పిన మాట పెట్టె మూత లోపల రాసి అంటించుకోవడం, ఈ అనర్థానికి అతి చవకైన విరుగుడు.

సంరక్షణ క్రమం కూడా అంత కష్టమైనదేమీ కాదు, అయితే వరస తప్పకూడదు. బోరు నుంచి తీసిన కెమెరాను మూత తెరవకముందే మంచినీటితో బాగా కడగాలి. అతుకుల దగ్గర చిక్కుకున్న రాతిపొడి కరిగి పోయేది కాదు కాబట్టి, నీటిధారతో కొట్టుకుపోయేటట్లు చేయాలి. పూర్తిగా తుడిచి, కేబులు పైనుంచి జారే చుక్కలు కూడా ఆరాక, గాలి దుమారం లేనిచోట మూత తెరవాలి. వలయాన్ని స్క్రూడ్రైవరు కొనతో లేపకూడదు. వేళ్లతో ఒకచోట కూడదీసి నొక్కితే వచ్చే ఉబ్బును పట్టుకుని తీయవచ్చు, లేదా మొద్దు ప్లాస్టిక్ పుల్లను వాడవచ్చు. ఇనుప మొన గాడి అడుగున వేసిన గీతను ఏ కొత్త వలయమూ పూడ్చలేదు. తీసిన వలయాన్ని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ వెలుతురులో చూడాలి, కళ్లకు అందని గరుకును వేలి కొసలు పసిగడతాయి. గాడిని నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఒక్క వెంట్రుక, ఒక్క నూలుపోగు అడ్డం పడినా దాని పక్కనే నీటికి సన్నని కాలువ ఏర్పడుతుంది. గ్రీజు వలయం మెరిసేటంత రాస్తే చాలు. దాని పని రబ్బరును గాడిలో జారనివ్వడమే, నీటిని ఆపడం దాని పని కాదు. దట్టంగా పూస్తే దుమ్మును పిలిచి పట్టుకుంటుంది. వలయం మెలిక పడకుండా కూర్చున్నదని చూసుకుని, మరలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, సమంగా బిగించాలి.

మూత మూసే వేళను ఎంచుకోవడం కూడా సంరక్షణలో భాగమే. వానాకాలపు తేమగాలిలో మూసిన కెమెరా చల్లని బోరు నీటిలోకి దిగినప్పుడు, లోపలి గాలిలోని తేమ అద్దం మీద మంచులా పట్టి చిత్రాన్ని కమ్మేస్తుంది. బయటి నీరు ఒక్క చుక్క రాకపోయినా, చూసేవారికి అది లీకులాగే తోస్తుంది. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాన్ని లోపల ఉంచడం, వాడిన పొట్లాన్ని వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడటం దీనికి మార్గం. నడి ఎండలో 45 డిగ్రీలకు కాగిన కెమెరాను 27 డిగ్రీల నీటిలోకి దించితే, లోపలి గాలి ఒత్తిడి ఐదారు శాతం తగ్గి, వలయం ఇంకా బిగుసుకోని మొదటి అడుగుల్లోనే బయటి నీటిని లోపలికి పీల్చుకోజూస్తుంది. కాసేపు నీడలో చల్లబరచి దించడం వల్ల ఖర్చు లేకుండా ఈ ప్రమాదం తప్పుతుంది. పరీక్షించే వీలున్న గొట్టాల్లోనుంచి చేతి పంపుతో కొంత గాలి లాగివేసి, మీటరు ముల్లు అరగంట సేపు కదలకుండా నిలిచిందో లేదో చూస్తే, నీటిలో దించకముందే అతుకుల నిజం బయటపడుతుంది.

బోరులో కెమెరాకు ముందే నివాసమున్న యంత్రం సబ్‌మెర్సిబుల్ మోటారు. అది నీటితో వేరొక ఒప్పందం చేసుకుంది. చాలా బోరు మోటార్ల లోపల గాలి ఉండదు. దించే ముందే వాటిని శుభ్రమైన నీటితో నింపుతారు, లోపలి రాగితీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అడుగున ఉండే రబ్బరు పొర, డయాఫ్రమ్, వేడికి లోపలి నీరు వ్యాకోచించినప్పుడు సాగి, చల్లబడినప్పుడు ముడుచుకుని, లోపలి ఒత్తిడినీ బయటి ఒత్తిడినీ సమం చేస్తుంది. బూతాఁ సోదరుల రబ్బరు తిత్తి వెనుక ఉన్న తర్కమే ఇది. ఇరుసు దగ్గరి సీలుకు మిగిలిన పని, బురదనూ ఇసుకనూ లోపలికి రానివ్వకపోవడం. నీటిని లోపలికి ఒప్పుకుని దాని బలాన్ని నిర్వీర్యం చేయడం మోటారు మార్గం. నీటిని పూర్తిగా బయట నిలపడం కెమెరా మార్గం. వెలుగుతో పనిచేసే అద్దానికీ, నీటికి ఓర్వని విద్యుత్ పలకకూ రాజీ సాధ్యం కాదు కాబట్టి కెమెరాలో భారమంతా వలయం మీద పడుతుంది. మోటారు కూడా తన రాజీ చెల్లని ఒకచోట కెమెరాలాగే నిస్సహాయమవుతుంది: అది కేబులు అతుకు. మూడు తీగలను కలిపి, రబ్బరు టేపు లాగి లాగి చుట్టి, పైన మరో టేపు వేసే ఆ అతుకు సరిగా కుదరకనే ఎన్నో మోటార్లు పంట చేతికొచ్చే వేళ కాలిపోతాయి. రైతు నష్టం మోటారు ధరతో ఆగదు. మదనపల్లె మార్కెట్టుకు చేరవలసిన టమోటా నీళ్లు లేక చెట్టుననే వడలిపోతుంది.

వలయాన్ని ఎప్పుడు మార్చాలనేది అన్నిటికంటే కఠినమైన ప్రశ్న. చిరిగినదాన్ని, పగిలినదాన్ని ఎవరైనా మారుస్తారు. చిరగకుండా, పగలకుండానే వలయం తన గుణాన్ని కోల్పోతుంది. ఎంతోకాలం నొక్కి ఉంచిన రబ్బరు, మూత తీశాక తన పూర్వరూపానికి పూర్తిగా తిరిగి రాలేకపోవడాన్ని సాంకేతిక నిపుణులు శాశ్వత నొక్కుడు అంటారు. 3 మిల్లీమీటర్ల వలయం 2.4కు నొక్కుకుని, విడిచాక 2.7కే తిరిగి వస్తే, దాని సాగుడు బలంలో సగం పోయినట్లు లెక్క. కంటికి అది కొత్తదానిలాగే నల్లగా, నునుపుగా ఉంటుంది. వెర్నియర్ కాలిపర్సుతో కొలిస్తేనో, కొత్తదాని పక్కన పెట్టి పోల్చి రెండు వైపులా చదునెక్కిన తీరు చూస్తేనో తెలుస్తుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకు ఏడుగురు వ్యోమగాములతో సహా నాశనమైనప్పుడు, విచారణ చేరుకున్న మూలకారణం ఇటువంటి వలయమే. గడ్డకట్టే చలి ఉన్న ఆ ఉదయం రాకెట్టు అతుకులోని రబ్బరు తగినంత వేగంగా తిరిగి వ్యాకోచించలేకపోయింది. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి, బయటికి తీశాక అది వెంటనే పూర్వరూపానికి రాలేదని విచారణ సభలో అందరికీ చూపించాడు. అక్కడ కారణం చలి, ఇక్కడ వేడి, కాలం. పోయిన గుణం మాత్రం రెండుచోట్లా ఒకటే. రబ్బరు ఆరోగ్యానికి కొలమానం దాని రూపం కాదనీ, నొక్కు తొలగాక తిరిగి లేవగల శక్తి అనీ ఆ ఘోర ప్రమాదం లోకానికి నేర్పింది.

ఇక్కడ మెట్ట సీమ పొదుపు గుణం గురించి ఆలోచించాలి. కరవులో పెరిగిన సమాజానికి ఏ వస్తువునూ చివరిదాకా వాడటం నీతి. ఆ నీతికి గౌరవం ఇవ్వవలసిందే. ఒక్క చుక్క నీటిని రెండు మొక్కలకు పంచిన నేల ఇది, డ్రిప్పు గొట్టాలు కుప్పం చేలలో అందుకే పరచుకున్నాయి. అయితే పొదుపు అన్ని వస్తువుల మీద ఒకే రీతిలో వర్తించదు. వలయాన్ని చివరిదాకా వాడటమంటే, దాని చివరిరోజున దాని వెనుకనున్న కెమెరాను కూడా పణంగా పెట్టడమే. కొద్ది రూపాయల వలయాన్ని మంచి స్థితిలో ఉండగానే పారవేయడం దుబారా అని తోచే మనసు, లీకైనచోట ఎపాక్సీ ముద్ద మెత్తి, మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టి మరో నెల గడిపే ఉపాయాన్ని నేర్పుగా మెచ్చుకుంటుంది. గట్టిపడిన ముద్ద ఆ పూటకు నీటిని ఆపుతుంది. లోహం వేడికి వ్యాకోచించినప్పుడు ఒదగలేక సన్నగా చిట్లుతుంది. పైగా తరువాత గాడిని శుభ్రపరచడానికి ఉలి పట్టవలసి వస్తుంది. ఒదగడం తెలిసిన వస్తువు పనిని ఒదగని వస్తువుకు అప్పగించినప్పుడు జరిగేది అదే. నిజమైన పొదుపు, ఏ వస్తువు పోతే దానితో పాటు ఇంకేమి పోతుందో లెక్కగట్టి, చవకైనదాన్ని ఖరీదైనదాని కోసం సకాలంలో వదులుకోవడంలో ఉంటుంది. కపిల నడిపిన పెద్దలకు ఈ లెక్క తెలుసు. తోలు తెగి బావిలో పడేదాకా వారు ఆగలేదు, పంటకాలానికి ముందే కుట్టుపని ముగించుకున్నారు.

ఈ లెక్క నిలవాలంటే మనిషి జ్ఞాపకం మీద వదిలేయకుండా కాగితం మీద పెట్టాలి. ఏ తేదీన ఏ వలయం వేశారో, ఎన్ని బోర్లలో ఎంత లోతుకు దిగిందో, ఎప్పుడు కడిగారో రాసే చిన్న పుస్తకం ప్రతి బోరు కెమెరాతో ఉండాలి. వాడకాన్ని బట్టి ఏడాదికో, రెండేళ్లకో గడువు పెట్టుకుని, ఆ గడువు రాగానే వలయం ఎంత కొత్తగా కనిపించినా మార్చాలి. రైతు కూడా కెమెరా దించే ముందు ఆ పుస్తకం చూపమని అడగవచ్చు. అడగడం అనుమానం కాదు, తన డబ్బుతో కొనే చూపు ఎంత నమ్మదగినదో తెలుసుకునే హక్కు. మదనపల్లెలోనూ పుంగనూరులోనూ కుప్పంలోనూ మోటారు మెకానిక్కులకు, ఐటీఐ విద్యార్థులకు వైండింగుతో పాటు రబ్బరు రకాలూ గాడి కొలతలూ నేర్పడానికి ఒక పూట చాలు. పరికరాలు ఎంత ఆధునికమైనా, వాటిని నిలబెట్టేది ఆ పూట నేర్చుకున్న చేతులే.

కృష్ణా జలాలను శ్రీశైలం వెనుకనీటి నుంచి రాయలసీమ మెట్టకు ఎత్తిపోసే హంద్రీనీవా కాలువలు పుంగనూరు, కుప్పం దిక్కులకు సాగాయి. కాలువ నీరు వచ్చినంత మాత్రాన, మెత్తని భాగాన్ని సకాలంలో మార్చాలనే ఈ నియమం పాతబడదు. వరస పంపులు ఎత్తితేనే ఆ నీరు ఈ ఎత్తుకు చేరుతుంది, ఇటువంటి పంపుల్లో తిరిగే ఇరుసు చుట్టూ నీటిని అదుపు చేసేది కూడా సాధారణంగా మెత్తని ప్యాకింగో, రబ్బరు సీలో. కాలువ గట్టు పొడవును, పంపు సామర్థ్యాన్ని, బోరు లోతును సమాజం గర్వంగా చెప్పుకుంటుంది. వాటి మధ్యలో ఉండి అరిగిపోయే భాగాలకు బడ్జెట్టులోనూ మెప్పులోనూ చోటు తక్కువ. నిర్మించే రోజున కొబ్బరికాయ కొట్టే సమాజం, మార్చవలసిన రోజును కూడా అంత శ్రద్ధతో గుర్తుపెట్టుకున్నప్పుడే తాను నిర్మించినదానికి యజమాని అవుతుంది. నీటి కోసం ఇంత లోతుకు వెళ్లిన ఈ సీమకు, ఆ శ్రద్ధను అలవరచుకోవడానికి అందరికంటే ఎక్కువ కారణం ఉంది. తోలు నుంచి రబ్బరు దాకా అవసరమైన అనుభవమూ ఉంది.